తాబేలుకి మూడు కొక్కేలు

మ్యూజియంలో అందరూ అతన్ని జిగురు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు లేకపోలేదు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. ఎముకలు అతికించడం అతని పని. ఏనుగు నుంచి ఎలుక దాకా ఏ జంతువు ఎముకలు మూటగట్టి ఇచ్చినా కడిగి, ఆరబెట్టి, తీగ దూర్చి, జిగురు పెట్టి, బతికున్న రోజుల్లో ఎలా నిలబడేదో అలా నిలబెడతాడు. పనిలో చేయి తిరిగినవాడే. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరేమన్నా "అలాగే" అనేస్తాడు. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతే చూడలేని మనిషి. ఈ కథలో వచ్చిన చిక్కంతా ఆ "అలాగే"తోనే వచ్చింది.

ఆ వేళ వర్క్‌షాపు బల్ల మీద సముద్రపు తాబేలు పిల్ల ఉంది. డిప్ప గట్టిపడని వయసులోనే పోయినట్టుంది, పక్కటెముకలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉన్నాయి. వెన్నెముక కూర్చాడు. పక్కటెముకలు కూర్చాడు. వాటి పైన అటొకటి ఇటొకటి భుజాల ఎముకలు నిలబెట్టి, కాస్త దూరం జరిగి చూసుకుని, బాగానే కుదిరిందని ఈల వేసుకుంటున్నాడు. బయట వాన దంచి కొడుతోంది.

గుమ్మం దగ్గర గొడుగు దులిపిన చప్పుడైంది.

"భుజాలు తప్పుగా పెట్టారు," అందొక అమ్మాయి.

కొత్తగా వచ్చినవాళ్ళు ముందు నమస్కారం అంటారు, లేదా లోపలికి రావచ్చా అంటారు. ఈమె ఏకంగా తప్పు అంది. జిగురు తలెత్తి చూశాడు. తడిసిన జుట్టు, భుజాన బరువైన సంచీ, ముక్కు మీదికి జారుతున్న కళ్ళద్దాలు. కోపం తెచ్చుకోవాలని చూశాడు గానీ ఎందుకో రాలేదు.

"మీరెవరండీ?"

"తాబేళ్ళ సెక్షన్‌కి కొత్తగా వచ్చాను, రిసెర్చ్‌కి. ఆ భుజాలు లోపల ఉండాలి."

"దేని లోపల?"

"పక్కటెముకల లోపల."

జిగురుకి నవ్వొచ్చింది. "మేడమ్, నేను గుర్రానికి పెట్టాను, గబ్బిలానికి పెట్టాను, మొసలికి పెట్టాను. ఎవరికైనా భుజం ఎముక పక్కటెముకల పైనే ఉంటుంది. మీకూ నాకూ కూడా అంతే."

"తాబేళ్ళకి ఎన్నిసార్లు పెట్టారు?"

"ఇదే మొదలు."

"అదీ సంగతి," అంటూ ఆమె సంచీ కింద పెట్టింది. "ఇలా నిలబడండి. కాస్త ముందుకి వంగి చేతులు చాపండి. ఇప్పుడు మీ పక్కటెముకలు ఛాతీ చుట్టూ తిరగకుండా, గొడుగు ఊచల్లాగా మీ భుజాల మీద నుంచి పక్కలకి పరుచుకుని పోయాయనుకోండి. అప్పుడు భుజాలు ఎక్కడున్నట్టు?"

వంగి చేతులు చాపుకుని జిగురు ఆలోచించాడు. "కింద."

"కింద అంటే?"

"లోపల."

"ఆ. డిప్పంటే తాబేలు అద్దెకుండే ఇల్లు కాదు. దాని పక్కటెముకలూ వెన్నుపూసలే వెడల్పై అతుక్కుపోయి అలా అయ్యాయి. పక్కటెముకల గూటిలో భుజాన్ని దాచుకున్న జంతువు లోకంలో ఇదొక్కటే."

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ లోపలికి వచ్చాడు. తన ఎముకల నిపుణుడు ఒక కొత్త అమ్మాయి ముందు వంగి చేతులు చాపుకుని ఉండటం చూసి ఆగిపోయాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావు?"

"తాబేలు సార్," అన్నాడు జిగురు.

డైరెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని జిగురు తను పెట్టిన ఎముకలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. విసుగు రాకపోవడం అతనికే వింతగా అనిపించింది.

వారం తిరక్కుండానే ఆమెకి డిప్ప మేడమ్ అనే పేరు స్థిరపడింది. ఆ సంగతి తెలిసి ఆమె మురిసిపోయింది కూడా. జిగురుని మాత్రం జిగురు గారూ అని మర్యాదగా పిలిచేది. ఆ మర్యాదే అతన్ని తినేసేది. మర్యాద ఇష్టానికి గుర్తా, దూరానికి గుర్తా? ఒకరోజు ఒకే గొడుగు కింద బస్‌స్టాపు దాకా నడుస్తూ దారంతా కబుర్లు చెప్పింది. మర్నాడు వరండాలో ఎదురైతే తల కూడా ఎత్తలేదు. ఏం తప్పు చేశానా అని రోజంతా కొట్టుకున్నాక తెలిసింది, ఆ రోజు కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయిందని. ఇంకోరోజు అతని కోసం టీ తెచ్చింది. పొంగిపోయి చూస్తే వాచ్‌మన్ చేతిలోనూ అలాంటి కప్పే ఉంది. అయితే వాచ్‌మన్ టీలో లేని రెండో చెంచా చక్కెర అతని టీలో ఉంది. దీన్ని ఏమని అర్థం చేసుకోవాలో అడగడానికి ఎవరూ లేక, ఆ టీ చల్లారిపోయేదాకా కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు పాపం.

మ్యూజియం పెద్ద హాల్లో ఒక గోడ నిండా చెట్టు బొమ్మ ఉంది. అది జంతువుల వంశవృక్షం. వేళ్ళ దగ్గర చేపలు, ఆ పైన కప్పలు, తర్వాత కొమ్మలు చీలి బల్లులు, పాములు, మొసళ్ళు, పక్షులు, వేరే పక్కన పిల్లులూ మనుషులూ. అది వేసింది జిగురు తండ్రి. ఆయన వయసులో ఉన్నప్పుడు ఈ మ్యూజియం పెయింటర్. ఆ గోడంటే ఆయనకి కన్నకొడుకు తర్వాత కన్నకొడుకు. ఒక్కోసారి ముందు కూడా.

ఆ ఏటి వానలకి హాలు పైకప్పు కారింది. ఊడిపోవడానికి ఇంకే జంతువూ దొరకనట్టు, సరీసృపాల కొమ్మ మొదట్లో, అన్నిటికన్నా కింద ఉన్న తాబేలు మీదే పెచ్చులు లేచి రాలిపడ్డాయి. మేస్త్రీ వచ్చి సున్నం పూసి వెళ్ళాడు. అక్కడ తెల్లటి మచ్చ మిగిలింది.

"తొందరపడి రంగు వేయించొద్దు," అన్నాడు డైరెక్టర్. "ముందు ప్లైవుడ్ మీద తాబేలు కొమ్మ చేయి. కొక్కేనికి తగిలించి చూద్దాం. ఎక్కడ బాగుంటే అక్కడే ఖాయం చేద్దాం. నన్నడిగితే బల్లుల పక్కన పెట్టు. అక్కడ గోడ బోసిగా ఉంది."

"అలాగే సార్," అన్నాడు జిగురు. డైరెక్టర్‌కి జంతువుల కన్నా గోడ మీది ఖాళీలే ముందు కనిపిస్తాయి. బల్లుల పక్కన ఒక కొక్కెం కొట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తండ్రికి కబురు ముందే చేరింది. "నా తాబేలు పోయిందటగా. ఎక్కడుండేదో అక్కడే పెట్టు. ఒక్క వేలెడు కూడా జరక్కూడదు."

"అలాగే నాన్నా." మర్నాడు కింద రెండో కొక్కెం.

మధ్యాహ్నం డిప్ప మేడమ్ హాల్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని గోడ వైపు చూసింది. "ఒక రకంగా ఈ కారడం మంచిదే అయింది జిగురు గారూ. తాబేలు ఎన్నేళ్ళుగానో తప్పు చోట ఉంది."

"తప్పా? అది పాత జాతి అంటారుగా?"

"ఎందుకంటారో తెలుసా? బల్లికీ మొసలికీ పుర్రెలో కంటి వెనక రెండేసి కన్నాలుంటాయి. తాబేలుకి ఒక్కటీ లేదు. అందుకని వెనకటివాళ్ళు, ఆ కన్నాలు పుట్టకముందే విడిపోయిన జాతి ఇదని లెక్కేశారు. అందుకే కింద వేశారు."

"సబబుగానే ఉంది కదండీ."

"సబబుగానే ఉంది, నిజం కాదు. జన్యువులు పోల్చి చూస్తే దీని దగ్గరి చుట్టాలు మొసళ్ళూ పక్షులూ. పైగా తవ్వకాల్లో దీని పాత బంధువు ఒకటి దొరికింది. దాని పుర్రెలో కన్నాలు రెండూ ఉన్నాయి. అంటే తాబేలుకి కన్నాలు లేక కాదు, ఉండి పూడిపోయాయి. కొన్నాళ్ళు దీన్ని బల్లుల పక్కన పెట్టినవాళ్ళూ ఉన్నారనుకోండి. ఇంకా వాదించేవాళ్ళున్నారు." ఆమె అతని వైపు తిరిగింది. "ఉండి పైకి కనపడనిదానికీ, అసలు లేనిదానికీ తేడా తెలుసుకోవడం చాలా కష్టం జిగురు గారూ."

ఇది తాబేలు గురించేనా? ఆమె చూపు మాత్రం అతని మొహం మీద కాస్త ఎక్కువసేపే నిలిచింది.

"అయితే మొసళ్ళకీ పక్షులకీ పక్కన పెడతారుగా?" అందామె.

"అలాగే," అన్నాడు జిగురు. మూడో కొక్కెం అక్కడ పడింది.

ఇక అక్కడి నుంచి అతని బతుకు సర్కస్ అయింది. తండ్రి చూడటానికి వస్తే తాబేలు కిందికి దిగేది. ఆమె వస్తే పక్షుల దగ్గరికి ఎక్కేది. డైరెక్టర్ వస్తే బల్లుల పక్కన వాలేది. పని ముగిసి అందరూ వెళ్ళాక ఏ కొక్కేనికీ తగిలించకుండా గోడకి ఆనించి పెట్టేవాడు. అతనికి మనసులో ఏది నిజమనిపించిందంటే, డిప్ప మేడమ్ చెప్పిందే. ఆమె చెప్పినందుకు కాదు, ఒకరోజు పుర్రె తెచ్చి అతని చేతిలో పెట్టి చూపించాక ఇంకోలా అనిపించలేదు. కానీ ఆ మాట పైకి అంటే నాన్న మొహం ఎలా అయిపోతుందో అనుకునేసరికి నోరు పెగిలేది కాదు.

మంగళవారం సాయంత్రం మళ్ళీ వాన పట్టుకుంది. మెట్ల దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఆమె గొడుగు మూసే ఉంచి వాన వైపు చూస్తోంది.

"నన్ను ఇంకో ఊరి మ్యూజియం వాళ్ళు రమ్మంటున్నారు," అంది. "పెద్ద ల్యాబ్. ఇక్కడేమో డైరెక్టర్ గారు పర్మనెంట్ చేస్తామంటున్నారు. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. మీరేమంటారు?"

జిగురు చప్పున లెక్కలు వేసుకున్నాడు. వెళ్ళొద్దంటే ఆమె ఎదుగుదలకి అడ్డుపడ్డట్టు. వెళ్ళమంటే రేపటి నుంచి ఆ వర్క్‌షాపులో తనెందుకున్నట్టు? అసలు ఈమె నన్నెందుకు అడుగుతోంది? ఊరికే అడుగుతోందా, నేను కాబట్టి అడుగుతోందా? ఇన్ని ప్రశ్నలు ఒకేసారి తోసుకొస్తే నాలుక మీదికి ఏది వచ్చిందో అదే అన్నాడు.

"చాలా మంచి అవకాశం కదండీ."

ఆమె మొహం చిన్నబోయింది. అది చూసి కంగారుపడిపోయాడు.

"ఇక్కడా పని బోలెడుంది లెండి. కింద స్టోర్‌లో సొరుగుల నిండా ఎవరూ ముట్టని శిలాజాలున్నాయి."

"అంటే ఏమంటారు?"

"రెండూ మంచివే. మీ ఇష్టం."

ఆమె గొడుగు తెరిచింది. అతనికి గొడుగు లేదని తెలిసి కూడా ఒక్కతే మెట్లు దిగి వెళ్ళిపోయింది. జిగురు అక్కడే నిలబడి, చెప్పినదాంట్లో తప్పేముందా అని వెతుక్కున్నాడు. తప్పేమీ దొరకలేదు. అయినా ఏదో చేజారిపోయిందని మాత్రం తెలుస్తోంది.

బుధవారం ముగ్గురూ తాబేలుని చూడాలన్నారు. జిగురు పకడ్బందీగా ఏర్పాటు చేసుకున్నాడు. పొద్దున నాన్న, భోజనాల తర్వాత ఆమె, సాయంత్రం డైరెక్టర్. అంతా సవ్యంగా జరిగేదే, వాన లేకపోతే. వాన మూలాన తండ్రి పొద్దున రాలేక మధ్యాహ్నం వచ్చాడు, భార్యని కూడా వెంటబెట్టుకుని. వానకి మళ్ళీ కారుతోందేమోనని డైరెక్టర్ కంగారుగా హాల్లోకి వచ్చాడు. డిప్ప మేడమ్ అన్న వేళకి సరిగ్గా వచ్చింది.

జిగురు నిచ్చెన మీద ఉన్నాడు. చంకలో ప్లైవుడ్ తాబేలు ఉంది.

"ఏరా, ఇంకా తగిలించలేదా? కింద కదా దాని చోటు, పైకెందుకు ఎక్కావు?" అన్నాడు తండ్రి.

"కిందేమిటండీ, మొసళ్ళ పక్కన కదా అనుకున్నాం," అంది డిప్ప మేడమ్.

"బల్లుల పక్కన అని చెప్పాడే నాకు," అన్నాడు డైరెక్టర్. "నిన్న చూశాను కూడా. నిండుగా ఉంది."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ కలిసి పైకి చూశారు. వాళ్ళకి గోడ మీద మూడు కొక్కేలూ ఒకేసారి కనిపించాయి.

"రంగు ఇంకా ఆరలేదు," అన్నాడు జిగురు. ఆ రంగు ఆరి వారం దాటింది.

"నాతో ఉన్న చోటే పెడతానన్నావా లేదా?" తండ్రి గొంతు మారింది.

"అన్నాను నాన్నా."

"నాతో?" అంది ఆమె.

"అన్నానండీ."

"నాతోనూ అన్నావు కదయ్యా," అన్నాడు డైరెక్టర్, తనని వదిలేస్తారేమోనని.

జిగురుకి చెమటలు పట్టాయి. ఎవరి మొహమూ చూడలేక కళ్ళు మూసుకున్నంత పని చేసి, చేతికి దగ్గరగా ఉన్న కొక్కేనికి తాబేలుని తగిలించేశాడు. అది బల్లుల పక్కది. డైరెక్టర్ ఒక్కడే తృప్తిగా తలూపాడు.

"గోడ మీద పిల్లి అని విన్నాను గానీ," అన్నాడు తండ్రి, "ఇన్నాళ్ళూ నా గోడ మీదే ఉందని తెలీదు." ఆ మాట అని వెనక్కి తిరిగి చక్కా పోయాడు. తల్లి కొడుకు వైపు ఒక చూపు చూసి ఆయన వెంట నడిచింది.

డిప్ప మేడమ్ నిచ్చెన దగ్గరికి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది, అదే ఎక్కువ భయపెట్టింది.

"ఒక్కటి చెప్పండి. ఇది ఎక్కడుండాలని మీకనిపిస్తోంది? మీకు."

"ఎవరి లెక్క వాళ్ళకి ఉంటుంది కదండీ..." నీళ్ళు నమిలాడు జిగురు.

"నిన్న నా ప్రశ్నకి మీరిచ్చిన జవాబూ ఇదే రకం అన్నమాట. నేనే ఏదో ఊహించుకున్నాను."

ఏం ఊహించుకుందో అడిగేలోపే ఆమె వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆ సాయంత్రం తండ్రి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి టీ కప్పు కొడుకు చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

"ఆ అమ్మాయేనా, నువ్వు రోజూ చెప్పే డిప్ప మేడమ్?"

"రోజూ ఎక్కడ చెబుతానమ్మా?"

"భోజనం దగ్గర ఇంకో మాట ఉంటుందా నీకు? సరే గానీ, తాబేలు విషయంలో ఎవరిది నిజం?"

"ఆవిడదే."

"మరి నాన్నకి చెప్పావా?"

"బాధపడతారని..."

"ఆ అమ్మాయంటే నీకిష్టం. ఆ పిల్లకి చెప్పావా?"

జిగురు ఉలిక్కిపడ్డాడు. "చెబితే ఏమనుకుంటుందో అమ్మా. అక్కడ మంచి ఉద్యోగం. నా మూలాన ఆగిపోతే?"

"ఆగాలో వద్దో ఆ పిల్ల చూసుకుంటుంది. నీ మనసులో మాట కూడా ఆ పిల్లే ఊహించుకోవాలా? అందరి మొహాలూ చూసి చూసి నీ మొహం ఎలా ఉంటుందో మాకు తెలీకుండా చేశావు. వెళ్ళు, ముందు పేపరు వెనకాయనతో మొదలుపెట్టు."

జిగురు వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"నాన్నా, మీ తాబేలు అక్కడుండకూడదు."

పేపరు కదల్లేదు. "నిన్నటిదాకా ఉండాలన్నావుగా."

"మీరు బాధపడతారని అన్నాను."

"ఇప్పుడు పడనా?"

"పడతారు. అయినా అక్కడుండకూడదు."

పేపరు కిందికి దిగింది. "కూర్చో. ఎందుకుండకూడదో చెప్పు."

జిగురు చెప్పాడు. పుర్రెలో కన్నాల సంగతి చెప్పాడు, పూడిపోయిన సంగతి చెప్పాడు. తండ్రి అడ్డు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు.

"అయితే కాకికి చుట్టమంటావు."

"చాలా దూరపు చుట్టం. మొసలికీ అంతే."

"డిప్ప ఒక్కసారే ఊడిపడిందా?"

"లేదు నాన్నా. ముందు పక్కటెముకలు వెడల్పయ్యాయి. డిప్ప లేదింకా, చూస్తే లావుపాటి బల్లిలా ఉంటుంది. తర్వాత పొట్ట కింద పలక వచ్చింది. వీపు మీద ఇంకా పూర్తిగా లేదు, నోట్లో పళ్ళు మాత్రం ఉన్నాయి. నిండు డిప్ప ఆ తర్వాతే."

"పళ్ళున్న తాబేలా?" తండ్రి కళ్ళల్లో ఏదో మెరిసింది. ఆయన వేళ్ళు తెలియకుండానే బ్రష్షు పట్టుకున్నట్టు కలిశాయి. "ఆ కొమ్మ మీద ఈ మూడూ వరసగా రావాలి కదా మరి. ఊరికే ఒక తాబేలుని తగిలిస్తే ఏం తెలుస్తుంది?" అని, గొంతు తగ్గించి అన్నాడు. "నా బాధ తాబేలు జరిగినందుకు కాదురా. నిజం చెబితే తట్టుకోలేనని నన్ను లెక్కకట్టావే, అందుకు."

జిగురుకి కళ్ళు చెమర్చాయి. తప్పయిందన్నాడు. తండ్రి మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు గానీ, చదవడం లేదని ఇద్దరికీ తెలుసు.

గురువారం పొద్దున్నే హాల్లోకి వెళ్ళి తాబేలుని మొసళ్ళకీ పక్షులకీ పక్కన తగిలించాడు. మిగతా రెండు కొక్కేలూ పీకేశాడు. డైరెక్టర్‌కి కారణం చెప్పాడు. అంతా విని ఆయన, "సరే గానీ బల్లుల పక్కన ఖాళీ అలాగే ఉండిపోయిందయ్యా," అని దిగులుపడ్డాడు. అక్కడి నుంచి జిగురు నేరుగా కింద స్టోర్‌లోకి దిగాడు. డిప్ప మేడమ్ ఒక్కో శిలాజాన్నీ దూదిలో చుట్టి సొరుగులో సర్దుతోంది. వెళ్ళేవాళ్ళు సర్దినట్టే ఉంది ఆ సర్దడం.

"తాబేలుని మీరన్న చోట పెట్టేశాను," అన్నాడు.

"నా కోసమా?" తలెత్తకుండా అడిగింది.

"కాదు. అది అక్కడిది కాబట్టి. నాన్నకి చెప్పాను. డైరెక్టర్ గారికి చెప్పాను."

ఆమె చేతులు ఆగాయి. "ఇంకా?"

"మీరు వెళ్ళడం నాకిష్టం లేదు."

"మొన్న మంచి అవకాశమన్నారు."

"మంచి అవకాశమే, అది అబద్ధం కాదు. కానీ మీరడిగింది ఆ ఉద్యోగం గురించి కాదేమోనని నాకు ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు కూడా సరిగ్గా అర్థమైందో లేదో తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరొచ్చి భుజాలు తప్పన్న రోజు నుంచీ. అయినా వెళ్ళాలనుకుంటే..."

"ఇదిగో, మళ్ళీ రెండో కొక్కెం కొడుతున్నారు."

జిగురు నాలుక కరుచుకున్నాడు. "లేదు. ఉండిపోండి. అంతే."

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. నవ్విందో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు.

"ఈ మాట రేపు హాల్లో చెప్పగలరా? మీ నాన్నగారి ముందు, డైరెక్టర్ గారి ముందు?"

"ఎందుకండీ?"

"ఎదుట ఒక్కరే ఉన్నప్పుడు మీరు వాళ్ళకి నచ్చిన మాట బాగానే చెబుతారు. నలుగురున్నప్పుడు మీ మాట ఏమవుతుందో నిన్న చూశాను. నాకు ఇంకోసారి చూడాలనుంది."

శుక్రవారం పొద్దున పెద్ద హాల్లో తండ్రి నిచ్చెన ఎక్కి, పక్షుల కొమ్మ పక్కన బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. కింద తల్లి రంగుల డబ్బాలు అందిస్తోంది. డైరెక్టర్ బోసి గోడ వైపు ఆశగా చూస్తూ తిరుగుతున్నాడు. డిప్ప మేడమ్ పళ్ళున్న తాబేలు మూతి ఎంత పొడుగుండాలో చేత్తో చూపించి చెబుతోంది.

జిగురు హాలు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. నాన్న ఏమంటాడు? డైరెక్టర్ ఏమనుకుంటాడు? ఆమె అందరి ముందూ కాదంటే? రాత్రి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పారిపోవాలనిపించింది. అయినా కాళ్ళు కదల్లేదు, అదొక్కటే అతను చేసిన మంచి పని.

"నాకు ఈవిడంటే ఇష్టం," అన్నాడు, ఎవరి వైపు చూడాలో తెలియక ఆమె వైపే చూస్తూ. "ఈవిడ ఆ ఉద్యోగానికి వెళ్ళకూడదు, ఇక్కడే ఉండాలని నా కోరిక. మీలో ఎవరికి ఎలా ఉన్నా నా మాట ఇదే."

డైరెక్టర్ గోడ చూడటం మర్చిపోయాడు. నిచ్చెన మీద బొగ్గుముక్క ఆగింది.

"ఏమ్మా," అన్నాడు తండ్రి పైనుంచి. "వీడి మాట నిలుస్తుందంటావా?"

"నిన్నా ఇదే చెప్పారు, ఇవాళా ఇదే చెప్పారు. నిలిచేట్టే ఉంది మావయ్యగారూ," అంది ఆమె.

ఎవరో ఏదో అన్నారు గానీ జిగురు చెవికెక్కలేదు. మావయ్యగారూ అంది. పెద్దవాళ్ళని అలా పిలవడం మామూలేనా? లేక... తల్లి చేతిలోని డబ్బా కింద పెట్టేసి ఆమె దగ్గరికి వెళ్ళి బుగ్గ నిమిరింది. "మరి నన్నేమంటావు?" అని అడిగింది.

"అత్తయ్యగారూ అంటాను."

తండ్రి గొంతు సవరించుకుని గోడ వైపు తిరిగిపోయాడు. "ఇంకేం, మూతి ఎంత పొడుగో చెప్పి దాని సంగతి తేల్చు తల్లీ. వాణ్ణి వచ్చి నిచ్చెన పట్టుకోమను, ఊగుతోంది," అన్నాడు. ఆయన గొంతు కూడా కాస్త ఊగింది.

జిగురు వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె రెండో పక్క పట్టుకుంది.

"అయితే వాళ్ళకి ఇవాళ ఫోన్ చేసి రానని చెబుతారా?" గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న సాయంత్రమే చెప్పేశాను."

"నిన్ననా? నేను ఇవాళ చెప్పకముందేనా?"

"ఆ సొరుగుల్లో రాళ్ళని వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. మిమ్మల్ని కూడా."

"మరి ఇవాళ అందరి ముందూ ఇంత చెమట ఎందుకు పట్టించారు?"

"నిన్న అక్కడ వెలుతురు లేదు జిగురు గారూ. ఆ మాట చెప్పేటప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో సరిగ్గా కనపడలేదు."

ఏం జరిగిందో జిగురుకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. నిచ్చెన గట్టిగా పట్టుకుని, నవ్వుతున్న ఆమె మొహం వైపు అలా చూస్తూ ఉండిపోయాడు.